వైకుంఠం బొమ్మ ఎవరి బిడ్డ?

2011 సెప్టెంబర్‌ల సకల జనుల సమ్మె నడుస్తున్నప్పుడు మేము ఒక మండల కేంద్రంల ఉద్యోగుల శిబిరంల కూసున్నం. బడులు బంద్, బస్సులు బంద్, బొగ్గుబావులు బంద్. టెంటు ఎనుక ఒక పెద్ద ఫ్లెక్సీ కట్టిన్రు. దాని మీద ఒక దిక్కు అమరవీరుల స్తూపం. ఇంకో దిక్కు ఒక ఆడమనిషి బొమ్మ: నల్లని మొఖం, నుదురంత ఎర్రబొట్టు, ముక్కుపుల్ల, మెడనిండ పుస్తెలు పూసలు, సగం మూసిన కండ్లు. ఫ్లెక్సీ కొట్టినాయన ఇంటర్నెట్ల దొరికిన బొమ్మను తీసి అతికిచ్చిండు. గీసినాయన పేరు లేదు. ఎవరూ అడగలేదు. ఆ బొమ్మ తెలంగాణ అని అందరికీ తెలుసు, అంతే.

వంటావార్పుకు వచ్చిన ఒక ముసలమ్మ ఆ ఫ్లెక్సీ ముంగట చాలాసేపు నిలబడ్డది. నాట్లేసి, కలుపు దీసి నడుము వంగిపోయిన మనిషి. ‘‘మంచిగున్నది బిడ్డా. కానీ గీమె పనిజేసే మనిషి గాదు. చేతులు జూడు, ఎంత నున్నగున్నయో’’ అన్నది. అప్పుడు మేము నవ్వినం. పక్కనున్న పంతుళ్ళూ నవ్విన్రు. కానీ ఆ మాట మమ్ముల ఇడిచిపెట్టలేదు. రాష్ట్రం వచ్చింది, ప్రభుత్వాలు మారినయి, ఆ బొమ్మ ఫ్లెక్సీ మీద నుంచి హైదరాబాద్ గోడల మీదికి పాకింది. ఇయ్యాలటికీ దాన్ని ఎక్కడ చూసినా ముందు చేతుల దిక్కే చూస్తున్నం.

ఆ బొమ్మ తోట వైకుంఠంది. 1942ల పాత కరీంనగర్ జిల్లా, వేములవాడ దిక్కు బూరుగుపల్లిల పుట్టిన మనిషి. దేశంల ఏ పెద్ద నగరానికి పోయినా బొమ్మల సంగతి తెలిసినోళ్ళు ఆ ఎర్రబొట్టు కనపడంగనే ఆయన పేరు చెప్తరు. మన దగ్గర కథ ఉల్టా. బొమ్మ అందరికీ ఎరుక, గీసిన చెయ్యి కొందరికే ఎరుక. ఆ చెయ్యికి ఆ గీత యాడికెళ్ళి వచ్చిందని అడిగినోళ్ళు ఇంకా తక్కువ. ఉద్యమంల మేము పాటను పట్టుకున్నంత గట్టిగ బొమ్మను పట్టుకోలేదు. ఏ పాట ఎవరు కట్టిన్రో, ఏ బాణీ ఏ కులపోళ్ళ నోట్ల నుంచి వచ్చిందో ధూంధాం స్టేజి మీదనే చెప్పుకున్నం. బొమ్మకాడికి వచ్చేసరికి డౌన్‌లోడ్ చేసి అతికిచ్చినం. ఈ తప్పు వలస పాలకుల మీద వెయ్యటానికి లేదు, మాదే.

మేము పుట్టిన కాంచి చూసిన ఆడమనిషి బొమ్మ వేరే. వారపత్రికల కథల మీద, దీపావళి సంచికల అట్టల మీద, పెండ్లి పత్రికల మీద ఒక్కతే పిల్ల. సన్నని నడుము, వాలుజడ, సోగకండ్లు. ‘బాపు బొమ్మ’ అంటె అందమైన తెలుగు పిల్ల అని జనం నోట్ల అర్థం స్థిరపడిపోయింది. నరసాపురంల పుట్టిన బాపు గొప్ప గీతకారుడు, ఆయన గీత మీద మాకు పేచీ లేదు. గోదారి ఒడ్డున తను చూసిన పిల్లను ఆయన గీసుకున్నడు, అది ఆయన హక్కు. మా పేచీ ఆ ఒక్క పిల్లనే మొత్తం తెలుగు ఆడోళ్ళకు అచ్చు అని మా నెత్తిన పెట్టినకాడ. మా అమ్మ ఆ అచ్చుల పట్టలేదు. మా అక్క పట్టలేదు. నడుము సన్నగ లేదు, ఒళ్ళు తెల్లగ లేదు, వాలుజడ లేదు, కొప్పు ఉన్నది. సినిమాల మా యాసను విలన్‌కూ కమెడియన్‌కూ ఇచ్చినట్టే, బొమ్మల మా రూపాన్ని పనిమనిషికి ఇచ్చిన్రు.

వైకుంఠం ఆ అచ్చుతోని కొట్లాటకు దిగలేదు. నినాదం ఇయ్యలేదు, కరపత్రం రాయలేదు. తన ఊర్ల ఉన్న మనిషిని గీసిండు. తన బొమ్మల మూలం తల్లి కాడ, ఊరి ఆడోళ్ళ కాడ ఉన్నదని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నడు. మన ఊర్లల్ల తల్లి అంటె కూసున్న మనిషి కాదు. పొద్దుగాల వాకిలి ఊడ్చి సానుపు జల్లేకాంచి రాత్రి కుండలు కడిగి బోర్లిచ్చేదాక ఆమె చెయ్యి ఖాళీగ ఉండదు. కూలికి పోతది, వచ్చి వండుతది. అట్లాంటి మనిషి మొఖాన్ని కొడుకు నిలబడి ఎప్పుడు చూస్తడు? పని నడుమ ఆగినప్పుడు చూస్తడు, లేకుంటె పండుగనాడు చూస్తడు. ఈ ముచ్చట గుర్తుంచుకోండ్రి, మళ్ళ వస్తది.

అమ్మను గీయాలె అనే సోయి రావటానికి ఆయన ఊరు దాటి, రాష్ట్రం దాటి పోవాల్సి వచ్చింది. ముందు హైదరాబాద్‌ల లలితకళల కళాశాల. ఆ రోజుల కళాశాల చదువంటె ఎక్కువల ఎక్కువ యూరపోళ్ళ పాఠం. ఎముకలు, కండలు, వెలుగు నీడ, నూనెరంగు. చదువు చెడ్డదని కాదు. కానీ బూరుగుపల్లి నుంచి వచ్చిన పిల్లగానికి ఆ పాఠంల తన ఊరు ఎక్కడా కనపడదు. మా డిగ్రీ కాలేజీలల్ల చరిత్ర చదివినప్పుడు మాకూ ఇదే అనుభవం. పుస్తకం నిండ రాజులే, మా జిల్లా పేరు ఒక్క పేజీల లేదు.

తర్వాత ఆంధ్రప్రదేశ్ లలితకళా అకాడమీ ఫెలోషిప్ మీద 1970ల మొదట్ల గుజరాత్‌ల బరోడాకు పోయిండు. మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంల అప్పుడు కె.జి. సుబ్రమణ్యన్ పాఠం చెప్తుండె. ఈయన గురించి రెండు మాటలు చెప్పకుంటె వైకుంఠం ప్రయాణం అర్థం కాదు. కేరళల 1924ల పుట్టిండు, క్విట్ ఇండియా ఉద్యమంల జైలుకు పోయిండు, శాంతినికేతన్‌ల నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీ, రాంకింకర్ బైజ్ దగ్గర నేర్చుకున్నడు. ఉద్యమంల తిరిగిన మనిషి కాబట్టేమో, ఆయనకు గ్యాలరీ గోడ కంటె కుమ్మరి సారె మీద, చేనేత మగ్గం మీద, పిల్లలాడుకునే బొమ్మల మీద గౌరవం ఎక్కువ. చేనేత బోర్డుల కొన్నాళ్ళు కొలువు కూడ చేసిండు. కాల్చిన మట్టితోని గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు కట్టిండు. చేతిపనోడు చదువురానోడు, కళాకారుడు చదువుకున్నోడు అనే గీతను చెరిపేసిన గురువు. మన మెదక్ జిల్లా నిజాంపూర్ల పుట్టిన లక్ష్మాగౌడ్ అంతకు ముందే, 1960లల్ల, అదే బరోడాకు పోయి వచ్చిండు. తన ఊరి మేకలను, చెట్లను, మనుషుల ఒంటి కోరికలను రాగి రేకుల మీద చెక్కుడు మొదలువెట్టిండు.

విచిత్రం ఏందంటె, తెలంగాణ పిల్లగాండ్లకు నీ ఊరే నీ పాఠం అని చెప్పింది హైదరాబాద్ కాదు, బరోడాల ఒక మలయాళీ మాష్టారు. ప్రాంతం పేరు చెప్పంగనే సంకుచితం అని మమ్ముల తిట్టే పెద్దమనుషులు ఈ ముచ్చట చెవిన పెట్టుకోవాలె. తన మట్టిని పట్టుకున్నోడు బయటోళ్ళను కాదన్నట్టు కాదు. బయటోడు నేర్పిన చూపుతోనే ఇంటికి తిరిగి వచ్చిండు.

తిరిగొచ్చినంక పేరు వెంటనే రాలేదు. హైదరాబాద్ బాలభవన్‌ల పిల్లలకు బొమ్మలు నేర్పుకుంట బతికిండు. బొగ్గుతోని, పెన్సిల్‌తోని గీసిండు. ఆ గీతల బొమ్మల ముంగట నిలబడి చూసినప్పుడే ముసలమ్మ అడిగిన చేతులు మాకు దొరికినయి. రంగు లేదు, నగ లేదు. ఒక్క గీత భుజం కాంచి మొదలై మోచేతి దాక వస్తది, ఆ గీతలనే బరువు తెలుస్తది. పటాలు చూసుడు అలవాటున్నోళ్ళకు ఇది కొత్త సంగతి కాదు గని, ఫ్లెక్సీల మీద ఆయనను చూసిన మాలాంటోళ్ళకు కొత్తే. 1993ల కేంద్ర లలితకళా అకాడమీ జాతీయ అవార్డు వచ్చేనాటికి ఆయనకు 51 ఏండ్లు. అంటె సగం జీవితం పిల్లల డ్రాయింగ్ కాయితాల నడుమనే గడిచింది.

ఇగ రంగు సంగతి. వైకుంఠం రంగులు అంటె ఎరుపు, కాషాయం, నారింజ, మధ్యల కాటుక నలుపు. కలిపి తయారుచేసిన రంగులు సహజమైనవి కావనేది ఆయన అభిప్రాయం, అందుకే అచ్చమైన రంగునే ఎక్కువ వాడుతడు. మన ఊర్ల రంగు అట్లనే ఉంటది గదా. గడపకు జాజు, గోడకు సున్నం, పోచమ్మకు కుంకుమ, మల్లన్నకు బండారి, ఎండకాలం ముంగట అడవి నిండ మోదుగుపువ్వు. మన దగ్గర రంగు ఇంటి షోకు కోసం కాదు, మొక్కు కోసం పూస్తరు. చేర్యాల నకాషీ పటాలను చూసినోళ్ళకు ఇంకో చుట్టరికం కనపడ్తది. గంజి, సుద్ద, చింతగింజల అంబలి పట్టిచ్చిన బట్ట, దాని మీద ఎర్రని నేల, గట్టి గీత, చదునుగ పూసిన రంగు. పద్మశాలీలకు కథ చెప్పే కూనపులోళ్ళు, గొల్లలకు మందెచ్చులోళ్ళు, ముదిరాజులకు కాకిపడగలోళ్ళు, మాదిగలకు డక్కలోళ్ళు ఆ పటాలు పట్టుకొని ఊరూరు తిరిగిన్రు. వైకుంఠం నకాషీ నేర్చుకున్నడని మేము అంటలేం. ఆ గీత, ఆ ఎరుపు ఒక్క నేల మీదివే అంటున్నం.

అన్నిటికంటె ముఖ్యమైన మూలం బాగోతం. చిన్నప్పుడు ఊరికి వచ్చే బాగోతపోళ్ళను, అండ్ల ఆడవేషం కట్టే మొగోళ్ళను చూసి తను మురిసిపోయిన సంగతి ఆయనే చెప్పుకున్నడు. ఇది చిన్న ముచ్చట కాదు. పొద్దంత మగ్గం నేసిన మొగోడో, ఎడ్లు కాసిన మొగోడో చీకటి పడంగనే అద్దం ముంగట కూసుంటడు. మొఖానికి అర్దళం పూస్తడు, కండ్లకు కాటుక తీస్తడు, నుదుటికి బొట్టు పెడ్తడు, మీసం తీసేసి చంద్రమతి అయితడు. ఒక మొఖం మీద ఇంకో మొఖం లేస్తుంటె చూసిన పిల్లగాని కండ్లల్ల ఏమి నిలబడ్తది? ఆడమనిషి అందం అంటె పుట్టుకతోని వచ్చిన తెల్లతోలు కాదు, చేత్తోని దిద్దుకున్నది అని నిలబడ్తది. నలుపు మీద దిద్దుకున్న ఎరుపే అందం అని నిలబడ్తది.

వైకుంఠం పటాలల్ల ఆడోళ్ళ నిలబడుడు చూడుండ్రి. మొఖం పక్కకు తిప్పి, కనురెప్ప సగం దించి, మెడ నిలబెట్టి, పాట ఎత్తుకునే ముందు వేషగాడు ఆగినట్టు ఆగి ఉంటరు. చేతుల చిలుకో, పండ్ల తట్టో. పక్కన నామాల అయ్యగారు ఉన్నా ఈమె ఆయన దిక్కు చూడదు. ఒళ్ళు మాత్రం బాగోతపోనిది కాదు, తల్లిది. గుండ్రని భుజాలు, నిండు రొమ్ము, నల్లని తోలు. తల్లి ఒంటి మీద వేషగాని సింగారం, అదీ వైకుంఠం బొమ్మ. బాపు పిల్లకు ఇరవై ఏండ్లు దాటవు. వైకుంఠం ఆడమనిషి మాత్రం పిల్లలను కని పెంచిన మనిషి.

ఇక్కడ ఒక సినిమా ముచ్చట తప్పనిసరి. బి. నర్సింగరావు 1988ల తీసిన ‘దాసి’కి కళాదర్శకుడు వైకుంఠమే. ఆ సినిమాకు అయిదు జాతీయ అవార్డులు వచ్చినయి, అండ్ల ఒకటి కళాదర్శకత్వానికి. 1920ల నాటి తెలంగాణ గడీ కథ. పెండ్లికూతురు ఎంబడి అరణం కింద ఆడపిల్లలను కూడ పంపే కాలం, ఆడబాపల కాలం. అండ్ల అర్చన కట్టిన దాసి వేషం తలుచుకోండ్రి. గడీల ఏది ఎవరిదో ఆ గోడలే చెప్తయి. పట్టెమంచం ఎవరిది, చాప ఎవరిది, నగల పెట్టె ఎవరిది, దాన్ని మోసే చేతులు ఎవరివి. మాటలు తక్కువున్న సినిమా అది. వస్తువులే మాట్లాడుతయి, ఆ వస్తువులను ఏరి పెట్టింది వైకుంఠం.

గడీని అట్ల కట్టిన చెయ్యే, కూలి చేసుకునే నల్లని ఆడోళ్ళకు గుండ్లపేరు, పట్టెడ, దండకడాలు, ముక్కుపుల్ల, వెడల్పు అంచు చీర పెట్టింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినంకనే మాకు ఇషయం సమజైంది. దొర ముంగట చెప్పులు తొడగొద్దన్న నేల ఇది. బాంచెను కాల్మొక్తా అనిపిచ్చుకున్న నేల. ఇక్కడ పనిమనిషి ఒంటి మీద సింగారం షోకు కాదు. ఇయ్యని మర్యాదను చిత్రకారుడు తన చేత్తోని తిరిగి ఇచ్చుడు. ముసలమ్మ అన్నది నిజమే, ఆ బొమ్మల ఆమె పనిల లేదు. పండుగనాటి మనిషి ఆమె. కొడుకు నిలబడి తల్లి మొఖం చూసే ఆ ఒక్క దినం. బతుకమ్మ పేర్చినంక, బోనం ఎత్తే ముంగట, బాగోతం చూడవోయే రాత్రి. ఏడాదిల నాలుగైదు దినాలు దొరికే మొఖం అది.

మరి ఆ మిగిలిన మూడువందల అరవై దినాలు ఏమైనయి? మా అసలు లొల్లి ఇక్కడ. బజారు ఆ నాలుగైదు దినాలనే కొనుక్కున్నది. పెద్ద హోటళ్ళ గోడకు, విల్లాల హాల్లకు, చీరల దుకాణాలకు పండుగ మొఖమే కావాలె. బొగ్గు గీతల బరువు చెయ్యి సోఫా ఎనుక సూటు కాదు. ఉమ్మడి రాష్ట్రంల ఆ బొమ్మల కింద ‘ఆంధ్ర పల్లె పడుచు’ అని రాసి ఉంటె చూసినం. ఇయ్యాల ‘తెలంగాణ మహిళ’ అని రాస్తున్నరు. చీటీ మారింది, అంతే. ఫ్రేములు కట్టే దుకాణాలల్ల సంతకం లేని నకళ్ళు వరుసగ వేలాడ్తయి. ఒక్కొక్క నకలుకు బొట్టు ఇంత పెద్దగైతుంటది, ఒళ్ళు ఇంత తెల్లగైతుంటది. కొన్నిటికి నడుము కూడ సన్నబడ్డది. తిరిగి తిరిగి పాత అచ్చులకే పోతున్నం.

వైకుంఠం బాధ్యత అసలే లేదా అంటె, ఉన్నది. అభిమానం ఉన్నంత మాత్రాన చెప్పకుండ ఉండలేం. తర్వాతి రోజుల పటాలు కొన్ని ఒకదానికొకటి అక్కచెల్లెండ్ల లెక్క ఉంటయి. చీర అంచు మీద పెట్టిన శ్రద్ధ మొఖం మీద పెట్టలేదు అనిపిస్తది. వేములవాడ పక్కనే సిరిసిల్ల. ఆ పటాలల్ల చీరలు మెరుస్తున్న కాలంలనే, ఆ చీరలు నేసే జిల్లాల నేతకార్మికులు అప్పులకు, ఆకలికి ఉరి పోసుకున్నరు. మొగోళ్ళు కొందరు భీవండికి, కొందరు దుబాయికి పోయిన్రు. ఒంటరిగ ఇల్లు గుంజుకొచ్చిన ఆ ఆడోళ్ళ మొఖం ఆయన కాన్వాసు మీదికి వచ్చి ఉంటె ఎట్లుండునో అని మేము అనుకోని రోజు లేదు. ఇది కోరిక మాత్రమే, తీర్పు కాదు. ఒక మనిషి ఒక మొఖాన్ని నిలబెట్టుడే ఒక జీవితానికి సరిపోయే పని.

సర్కార్ల ముచ్చట వేరే. ఉద్యమకాలంల తయారైన తెలంగాణ తల్లికి కిరీటం, వడ్డాణం, చేతిల బతుకమ్మ ఉండె. 2024 డిసెంబర్ 9 నాడు సచివాలయంల ఆవిష్కరించిన విగ్రహానికి కిరీటం లేదు, బతుకమ్మ లేదు. ఆకుపచ్చ చీర, ఒక చేతిల వరి, జొన్న, సజ్జ, మక్క కంకులు, ఇంకో చెయ్యి అభయం ఇస్తున్నట్టు. ఆ కిరీటం దొరసానిది అని వీళ్ళు, ఆ చెయ్యి పార్టీ గుర్తు అని వాళ్ళు. టీవీలల్ల వారాలకు వారాలు పంచాయితీ నడిచింది. మేము రెండు దిక్కులా విన్నం. సింగారం చేస్తె రాణి కావాలె, కూలిదయితె సింగారం తీసెయ్యాలె. ఇద్దరి లెక్కా ఇదే. కిరీటం లేకుంట, సింగారం తియ్యకుంట, కూలి మనిషిని మర్యాదగ నిలబెట్టే దారి ఒకటున్నదని వేములవాడ దిక్కు పుట్టిన చిత్రకారుడు ఏనాడో గీసి చూపిచ్చిండు. ఆ పంచాయితీల ఆయన బొమ్మల ముచ్చట ఎత్తినోళ్ళు మాకైతె కనపడలేదు.

విద్యార్థులకు, ఉద్యోగులకు ఒక మాట. సిద్దిపేట కాపు రాజయ్య పేరు ఇన్నరా? 1925ల పుట్టి 2012ల పోయిండు, తెలంగాణ రాకను చూడలేదు. బోనాలను, బతుకమ్మను, వడ్డెర ఆడోళ్ళను నకాషీ గీతల గీసి దేశమంత చూపిచ్చిన ఆయన కొలువు ఏంది? డ్రాయింగ్ పంతులు. వైకుంఠం బాలభవన్‌ల చేసిందీ అదే పని. అంటె మన బొమ్మకు రెండు తల్లివేర్లు. ఒకటి ఊరి బాగోతం, రెండోది బడిల డ్రాయింగ్ సార్. ఇయ్యాల మేము తిరిగిన సర్కారు బడులల్ల చాలా కాడ డ్రాయింగ్ సార్ లేడు. రిటైరైన సార్ కుర్చీ అట్లనే ఉన్నది. రాష్ట్ర పండుగ వచ్చినప్పుడు గోడలకు బొమ్మలు వేయిస్తరు, వేసే పిల్లలను తయారుచేసే కొలువు మాత్రం నింపరు. ఉపాధ్యాయ సంఘాలు పీఆర్సీ మీద పెట్టిన జోరుల పావువంతు దీని మీద పెడితె ఎట్లుంటదో చూడాలె.

మొన్న దసరాకు మా ఊరికి పోయినప్పుడు బాగోతపాయన ఇంటికి పోయినం. డెబ్బై దాటినయి. ఒకప్పుడు చంద్రమతి వేషం కట్టిండంటె చుట్టు నాలుగూర్ల ఆడోళ్ళు ఏడ్చుకుంట ఇండ్లకు పోయేటోళ్ళు. ఇప్పుడు బాగోతం పిలిచేటోళ్ళు లేరు. వయసుల ఉన్నప్పుడు కొన్నాళ్ళు బొంబాయిల కూలికి పోయి వచ్చిండు. ఫోన్ల వైకుంఠం బొమ్మ తీసి చూపిచ్చినం. చేతులు చూస్తడేమో అనుకున్నం. చూడలేదు. అద్దాలు పెట్టుకొని బొట్టు దిక్కే చూసిండు.

‘‘గింత పెద్ద బొట్టు ఎందుకో ఎరుకేనా మీకు?’’ అని అడిగిండు. సౌభాగ్యం, సంస్కృతి అని మేము ఏదో చెప్పబోయినం. తల అడ్డం ఊపిండు. ‘‘పెట్రోమాక్సు లైటు ఒక్కటే ఉంటుండె. ఆఖరి వరుసల కూసునేటోళ్ళు మాదిగ గూడెపోళ్ళు, కూలినాలి ఆడోళ్ళు, పొద్దువోయి వస్తరు కాబట్టి వాళ్ళకు ముంగట జాగ దొరకదు. ఆడికెళ్ళి సుత మొఖం కనవడాలె గదా’’ అన్నడు.

అటుక మీది రేకుపెట్టె దించిచ్చిండు. అద్దం పగిలి ఉన్నది. ఇంగిలీకం డబ్బ మూత గోరుతోని తీసి చూపిచ్చిండు. అడుగున గడ్డకట్టుకపోయి ఉన్నది, రంగు మాత్రం పోలేదు.